అటక మీద పొగ లేకపోతే

సంపాదకులకు నమస్కారం.

కొండ ఊళ్ల మీద ఆదివారం పేజీల్లో కథనాలు ఈమధ్య జోరుగా వస్తున్నాయి. వెదురు తడికల ఇల్లు, పొయ్యి మీద వేలాడే మొక్కజొన్న కంకులు, గట్టు పక్కన ఊట, కింద "ఏదీ కొనక్కర్లేని బతుకు" అంటూ ఒక మాట. ఫొటోలు ముచ్చటగానే ఉంటాయి. రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి 90 కిలోమీటర్ల లోపే. శనివారం వెళ్లి బొంగు చికెన్ తిని ఆదివారం రాత్రికి ఇల్లు చేరొచ్చు. అలా వెళ్లొచ్చి, తాతల నాటి పెంకుటిల్లు బాగుచేయించుకుని మనమూ అలాగే బతుకుదామనుకునేవాళ్లు కోనసీమలోనూ, ఏటిగట్ల వెంబడి ఊళ్లలోనూ అక్కడక్కడ కనిపిస్తున్నారు. మంచి ఆలోచనే. కానీ వాళ్లు కొండ నుంచి అటకనీ, ఆనప బుర్రనీ, కంకుల గుత్తినీ తెచ్చుకుంటున్నారు. ఆ అటక కింద ఏడాది పొడుగునా రగిలే పొయ్యిని మాత్రం అక్కడే వదిలేసి వస్తున్నారు. ఒక్క వానాకాలం గడిచేసరికి కందులు పుచ్చుతాయి, చింతపండు నీరు కారుతుంది, బియ్యం ముక్కిపోతాయి. "మా వల్ల కాలేదు" అని తాళం వేసి మళ్లీ హైదరాబాదు బస్సెక్కుతారు. వాళ్ల చేతకానితనం ఇందులో ఏమీ లేదు. అక్కడి దాపు పద్ధతి ఇక్కడి గాలికి నిలవదు, అంతే. ఎందుకు నిలవదో, ఇక్కడ ఏది నిలుస్తుందో తెలిసినంతవరకు రాస్తున్నాం. కాస్త పొడుగే అయినా వేసుకోగలరు.

ముందు కొండ మీద నిజంగా జరిగేదేమిటో చూద్దాం. పోడులో సామలు, కొర్రలు, చోళ్లు, జొన్న, కంది కలిపి వేస్తారు. ఒకటి దెబ్బతింటే ఒకటైనా దక్కుతుందని ఆ కలగలుపు. కోతలూ ఒకేసారి మీద పడవు. సామలు ముందు ఇంటికొస్తాయి, కంది అన్నిటికన్నా చివర. సామల్నీ కొర్రల్నీ పొట్టుతోనే దాస్తారు. పొట్టు ఉన్నన్నాళ్లు ఏళ్ల తరబడి ఏమీ కావు. పొట్టు తీసిన మరుక్షణం నుంచి తవుడు పొరలోని నూనెకు గాలి తగలడం మొదలవుతుంది, కొన్ని వారాలకే చేదెక్కుతుంది. అందుకే అక్కడ రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే దంచుకుంటారు. ఇక్కడ పాలిష్ పట్టని సామ బియ్యం పాతిక కిలోలు ఒకేసారి కొని డబ్బాకు పోసి, మూడో నెలలో "ఇదేం వాసన" అనేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలియకే నష్టపోతున్నారు. దంపుడు తేలిక పని కూడా కాదు. కుంచెడు దంచి, చెరిగి, మళ్లీ దంచేసరికి ఇద్దరు ఆడవాళ్లకు ఒక పూట గడిచిపోతుంది. ఫొటోల్లో రోలు కనబడుతుంది గానీ ఆ పూట కనబడదు.

ఇక పొగ. కొండ ఇంట్లో అటక పొయ్యికి సరిగ్గా పైన ఉంటుంది. విత్తనం కంకులు, బుర్రల్లో పోసిన గింజలు, వెదురు బుట్టలు అన్నీ అక్కడే. కింది నుంచి వేడిగాలి పోతూ ఉంటుంది కాబట్టి బయట ముసురు పట్టినా అటక మీద గింజ పొడిగా ఉంటుంది. పొగ మరిగిన గింజ దగ్గరికి పురుగు రాదు. పైకప్పు గడ్డీ, వాసాల వెదురూ కూడా ఆ పొగతోనే ఎక్కువ కాలం మన్నుతాయి. దీనికి మూల్యం ఆ ఇంటి ఆడవాళ్ల కళ్లూ ఊపిరితిత్తులూ చెల్లిస్తాయి. కనుక ఆ పొయ్యిని తెచ్చి వంటింట్లో పెట్టమని మేం అనం. అయితే గ్యాస్ పొయ్యి మీద అటక కట్టి ప్రయోజనం ఆశించొద్దు. గ్యాస్‌కు పొగ లేకపోగా పైనుంచి చెమ్మ తోడవుతుంది. కిలో గ్యాస్ మండితే కిలోన్నర పైగా నీటి ఆవిరి పుడుతుంది. 14.2 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేసరికి 20 లీటర్ల పైచిలుకు నీళ్లు వంటింటి గాలిలో కలిశాయన్న మాట. ఆ పైన అటక మీద విత్తనాలు దాస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అటక ఉంటే దాన్ని పడమటి ఎండ పడే గది మీద వాడుకోండి, వంటింటి మీద వద్దు.

కొండ మీద కూడా దాపు ఎల్లకాలం చాలదు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా గాదెలు అడుగంటే రోజులు. అప్పటికోసమే వేసవిలో మామిడి టెంకలు పగలగొట్టి లోపలి జీడి ఎండబెట్టుకుంటారు. ఆ వగరు పోవడానికి పారే నీళ్లలో నానబెట్టి, తర్వాత పిండి చేసి జావ కాస్తారు. జీడి సరిగ్గా ఎండక బూజు పట్టిందంటే అది తిన్నవాళ్లకు ప్రాణాంతకం కావొచ్చు. అడవిలోని చేదు దుంపలూ అంతే: పలచగా తరిగి, పారే నీటిలో నానేసి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తినాలి. ఇప్పుడు రేషన్ బియ్యం వెళుతోంది కాబట్టి చాలాచోట్ల ఆ అగత్యం తగ్గింది. ఏదీ కొనక్కర్లేని బతుకు అని రాసేవాళ్లు ఈ మూడు నెలల్లో ఒకసారి వెళ్లి చూస్తే బాగుంటుంది.

డెల్టాకు వద్దాం. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 400 గ్రాముల బియ్యం అనుకుంటే ఏడాదికి 584 కిలోలు. వంద కిలోల ధాన్యానికి 65 కిలోల బియ్యం లెక్కన 900 కిలోల ధాన్యం కావాలి, అంటే 75 కిలోల బస్తాలు 12. సార్వాలో, అంటే వానాకాలపు పంటలో, ఎకరాకు 25 నుంచి 30 బస్తాలు పండే పొలమైతే అరెకరం చాలు. కాబట్టి పండించడం పెద్ద సమస్య కాదు. ఆ 12 బస్తాల్ని మళ్లీ సార్వా వచ్చేదాకా కాపాడుకోవడమే అసలు పని.

ఇదివరకు కోసిన పనల్ని చేలోనే మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, కుప్ప వేసి, కొన్ని వారాల తర్వాత నూర్చేవారు. గింజలోని తడి నెమ్మదిగా దానంతటదే దిగేది. ఇప్పుడు కోత మిషన్ ఒక గంటలో ఎకరం కోసి గింజలు పోసి వెళ్లిపోతుంది. ఆ గింజలో తేమ 20 శాతం పైనే ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం దాకా ఒప్పుకుంటారు గనుక, 17 వస్తే ఎండినట్టేనని చాలామంది అనుకుంటున్నారు. అది అమ్మకానికి హద్దు. ఇంట్లో నెలల తరబడి దాచాలంటే 14కు దిగాలి, విత్తనమైతే 13కు. పచ్చి ధాన్యాన్ని కుప్పగా వదిలేస్తే లోపల వేడెక్కి గింజ పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ రంగు ఎంత ఎండబెట్టినా పోదు.

ఎండబెట్టడానికీ ఒక వరస ఉంది. బరకం మీద రెండంగుళాలకు మించని మందంలో పరిచి అరగంటకోసారి కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగెయ్యాలి. మిట్టమధ్యాహ్నం ఎండకు ఒకే రోజులో ఎండగొడదామని తొందరపడితే గింజకు లోపల పగుళ్లు వస్తాయి, మరలో సగం నూకవుతుంది. అందుకని మొదటి రోజు కొంత ఎండాక కుప్పచేసి కప్పి ఉంచాలి. గింజ నడిమి తడి అంచులకు వస్తుంది. మర్నాడు మళ్లీ పరచాలి. మంచు దిగకముందే లోపలికి చేర్చాలి. మీటరు లేకపోతే పళ్ల కింద పెట్టి కొరకండి, కటుక్కుమని రెండు ముక్కలవ్వాలి. నొక్కుకుపోతే ఇంకా తడి ఉన్నట్టే. సార్వా కోతలు తుపాన్ల రోజులతో పోటీ పడతాయి. 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి కార్తీకంలో ఎంత ఎండబెట్టినా పుష్య, మాఘాల్లో పొడిగాలి వీచే వారం చూసి ఇంకో రెండు రోజులు ఎండ చూపించి అప్పుడు గాదెకెత్తడం మేలు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకం, అదే ఎంటీయూ 7029, దాచుకుని తినేవాళ్లలో ఇప్పటికీ చాలామందికి ఇష్టం. ఏ రకమైనా మూడు నాలుగు నెలలు మాగకముందు వండితే అన్నం ముద్దవుతుంది.

మెట్ట ఊళ్లలోలాగా పాతర తవ్వుదామంటే ఇక్కడ నాలుగైదు అడుగులకే నీళ్లు. అందుకే డెల్టాలో గాదెలు, గడ్డి వెంటితో చుట్టిన పురులు. పురి కట్టగలిగినవాళ్లు ఇప్పుడు దొరకడం కష్టం కాబట్టి గాదె గురించే చెబుతాం. నేల నుంచి అడుగున్నర ఎత్తులో దిమ్మల మీద నిలబెట్టాలి. గోడకు ఆనించకూడదు, జానెడు సందు వదలాలి. గోడ చెమ్మ లాగి గింజకు ఇస్తుంది. కొబ్బరి తోటల్లో ఎలుకలు ఎక్కువ కాబట్టి కాళ్లకు రేకు గరాటాలు బోర్లించాలి. అడుగున ఎండుగడ్డి, మధ్య మధ్య వేపాకు. ఆ వేపాకు నీడన బాగా ఎండి, నలిపితే పొడి కావాలి. అప్పుడే కోసిన పచ్చి రెమ్మలు వేసేవాళ్లున్నారు. పురుగు మాట దేవుడెరుగు, ఆ ఆకుల తడికి చుట్టూ ఉన్న గింజ బూజు పడుతుంది. నెలకోసారి మోచేతి దాకా చెయ్యి దూర్చి చూడాలి. లోపల గోరువెచ్చగా తగిలితే ఆలోచించకుండా ఆ రోజే తీసి ఎండకు పరచాలి. గోనెసంచుల్లో నిల్వ చేస్తే వానాకాలంలో గాలి తేమ లోపలికి పోతుంది. ప్లాస్టిక్ సంచి గాలిని ఆపుతుంది గానీ గింజ తడిగా ఉంటే ఆ తడినీ లోపలే బంధిస్తుంది.

ఇంతా చేశాక ఆడించుకోవడం ఇంకో తంటా. ఊరికొకటి ఉన్న చిన్న మరలు చాలాచోట్ల మూతపడ్డాయి. రెండు బస్తాలు పట్టుకెళితే పెద్ద మిల్లు వాళ్లు గేటు దగ్గరే తిప్పి పంపుతారు. పంచాయతీకి ఒక చిన్న మర అన్నా బతికి ఉండకపోతే, సొంత ధాన్యం తిందామనుకునే ప్రతి ఇల్లూ ధాన్యం అమ్మి బియ్యం కొనుక్కోవాల్సిందే. దీని గురించి కూడా మీ విలేకరులు రాయాలని మా కోరిక.

పప్పులకు శత్రువు పుచ్చు. ఆ పురుగు చేలోనే కాయ మీద గుడ్డు పెట్టి మనతోపాటు ఇంటికొస్తుంది. గుండు గింజల మీదే దానికి మక్కువ. బద్దలు చేసిన పప్పు జోలికి అంతగా రాదు. అందుకే కందుల్ని వానలకు ముందే పప్పు చేసేసుకోవడం మంచిది. నాలుగైదు గంటలు నానబెట్టి, ఎర్రమట్టి బురద పట్టించి, ఒక రాత్రి కుప్పగా ఉంచి, రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరనిచ్చి తిరగలిలో వేస్తే పొట్టు వదులుతుంది. నడిమి తడి ఆరకుండా విసిరితే పొట్టు రాకపోగా పప్పు చిట్లి పిండవుతుంది. ఎర్రమట్టే ఎందుకంటారా, మన ఒండ్రుమట్టి జిగురుకు గింజలు ఉండకట్టుకుంటాయి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో చల్లిన మినుములు, పెసలు మాత్రం గుండుగానే ఉంచుకోవాలంటే బాగా ఎండనిచ్చి, చల్లారాక కిలోకు చిన్న చెంచాడు ఆముదం పట్టించండి. వేడి మీదే డబ్బాకెత్తితే మూతకు చెమట పట్టి పై పొర పాడవుతుంది. ఈ చిన్న తప్పే ఎక్కువగా జరుగుతుంది.

చింతపండు, కొండ చీపుర్లు, చిల్లగింజలు పైనుంచి కిందికొస్తాయి. ఉప్పు, ఎండుచేపలు కింది నుంచి పైకి పోతాయి. ఏజెన్సీ సంతలో ఒక్క గంట నిలబడితే ఈ రాకపోకలు కళ్లకు కడతాయి. ఎంత మారుమూల కొండ ఊరైనా ఉప్పు కొనుక్కోవాల్సిందే. చింతపండు మాఘ, ఫాల్గుణాల్లో కొనుక్కుని, గింజలూ ఈనెలూ తీసి, రెండు మూడు ఎండలు పెట్టి, పది కిలోలకు కిలో చొప్పున కళ్లుప్పు పొరలు పొరలుగా వేసి జాడీలో అదిమి పెట్టాలి. ఉప్పు లేకుండా బుట్టలో ఉంచే కొండ పద్ధతి ఇక్కడ శ్రావణం దాటదు. ఇత్తడి, ఇనప పాత్రల్లో పెట్టొద్దు, పులుపు లోహాన్ని తినేస్తుంది. ఆవకాయ సంగతి గోదావరి వాళ్లకు చెప్పే సాహసం చేయం.

ఉప్పు గురించి మాత్రం ఒక మాట. నలుగురికి ఏడాదికి 15 కిలోలు, ఊరగాయలకూ చింతపండుకూ ఇంకో ఏడెనిమిది. "సహజం" అన్న పేరుతో ఇప్పుడు రోజువారీ వంటకూ కళ్లుప్పే వాడటం మొదలైంది. కొండ ప్రాంతాల్లో వానలకు నేలలోని అయోడిన్ కొట్టుకుపోతుంది. గొంతువాపు (గాయిటర్) అక్కడ ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. సముద్రపు చేప తినే ఇంటికి భయం తక్కువ, తినని ఇంటికి కాదు. జాడీలకు కళ్లుప్పు, కూరలకు అయోడిన్ ఉప్పు అని వేరువేరుగా పెట్టుకోండి. అయోడిన్ ఉప్పు డబ్బాను పొయ్యి పక్కన మూత లేకుండా ఉంచితే అందులోని అయోడిన్ ఎగిరిపోతుంది.

నీళ్ల విషయంలో కొండకు ఊట ఉన్నట్టే మనకు కాలువ ఉంది, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి. తేడా ఏమిటంటే ఊట వేసవిలో సన్నబడుతుంది, కాలువను వేసవిలో కట్టేస్తారు. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు ఉప్పగా ఉంటుంది. తాగడానికీ వంటకూ నలుగురికి రోజుకు 20 లీటర్లనుకుంటే, కాలువ కట్టేసే 60 రోజులకు 1200 లీటర్లు. వంద చదరపు మీటర్ల పెంకుల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు, అందులో 800 పట్టుకోగలిగినా రెండు మంచి వానలతో తొట్టి నిండుతుంది. తొలకరి నీళ్లు పట్టకండి, కప్పు మీది రెట్టా దుమ్మూ అందులోనే వస్తాయి. తొట్టికి వెలుతురు చొరకూడదు, మూతకు దోమతెర ఉండాలి. గోదారి ఎర్రనీటికి చిల్లగింజ అరగదీసి కలిపితే మట్టి అడుక్కి దిగుతుంది. తేరినంత మాత్రాన తాగే నీళ్లయినట్టు కాదు, కాచాల్సిందే.

వంటచెరుకు ఒక్కటే కొండ కన్నా మనకు సుళువు. కొబ్బరి చెట్టు నెలకో మట్ట రాలుస్తుంది. 30 చెట్లుంటే రోజుకొకటి. మట్టలు, డొక్కలు, చిప్పలు ఆషాఢానికి ముందే చూరు కిందికి చేర్చుకుంటే నీళ్లు కాగడానికీ, దాలిలో పాలు కాగడానికీ సరిపోతాయి, చెట్టు కొట్టే పని లేదు. పెరటి పొయ్యికైతే పొగ బాధా తక్కువే. విత్తనం బుర్రలు వేలాడదీయాలని ముచ్చటపడితే ఆ పెరటి పొయ్యి చావడిలో వేలాడదీయండి, అక్కడ నిజంగా పనిచేస్తాయి. ఆనప, బీర, గుమ్మడి గింజలు బూడిద పట్టించి ఎండబెడితే రెండు మూడేళ్లు మొలుస్తాయి. ఉల్లి గింజ ఏడాది తిరిగితే నమ్మలేం.

గోదారి పాయల మధ్యనున్న లంక ఊళ్లకు అదనంగా వరద ఒకటి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి అంకె పేపర్లో చూడగానే కింది వరస బస్తాలు అటకెక్కించాలనీ, రెండోదానికి పశువుల్ని గట్టు మీదికి తోలాలనీ లంకల్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. రోజూ మీరు వేసే ఆ చిన్న అంకెకు అంత విలువ ఉంది.

మా మనవి కూడా అలాంటి ఒక అంకె గురించే. వాతావరణం గడిలో ఊళ్ల వారీగా ఎండ డిగ్రీలు వేస్తున్నారు. దాని పక్కనే మధ్యాహ్నపు గాలి తేమ శాతం కూడా వేయండి. ఎండ 36 డిగ్రీలున్నా గాలిలో తేమ 75 శాతం దాటితే ధాన్యం, మిరప, అప్పడం ఏదీ సరిగ్గా ఆరదు. అలాంటి గాలి వారం పది రోజులు నిలిస్తే 14 శాతానికి ఎండబెట్టి గాదెకెత్తిన గింజ కూడా తిరిగి చెమ్మ లాగుతుంది. తేమ 60కి దిగిన రోజు చూసుకుని బరకాలు పరిస్తే ఒక ఎండలోనే రెండు ఎండల పని అవుతుంది. అమలాపురం, నరసాపురం, కాకినాడ, ఈ మూడు ఊళ్ల అంకెలు వేసినా మాకు చాలు. రోహిణి కార్తెలోపు మొదలుపెడితే ఈ ఏటి దాళ్వా (రెండో పంట) ధాన్యానికీ, ఊరగాయలకూ అందివస్తుంది.

ఇట్లు,
కోనసీమ లంక గ్రామాల నుంచి
కొందరు పాఠకులు